చెయ్యి పట్టి దిద్దించడం

అమ్మ నిండు జీవితం బడిలోనే గడిచింది. ఆమె చేసిన పనుల్లో ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోనిది, నేను అన్నిటికన్నా మెచ్చుకునేది, చెయ్యి పట్టి అక్షరం దిద్దించడం. పిల్లవాడి వెనకాల గొంతుకూర్చుని వాడి పిడికిలిని తన అరచేతిలోకి తీసుకునేది. బలపం వాడి వేళ్ల మధ్యే ఉండాలి, ఊతం మాత్రం ఆమెది. కొంచెం కొంచెంగా పట్టు సడలించేది. ఎప్పుడు వదిలేసిందో వాడికి తెలిసేది కాదు. అక్షరమాల వరస పాటించేది కాదు. ముందు సున్న. అది కుదిరాక తలకట్టు పెడితే ర, లోపల చుక్క కూడా పెడితే ఠ. పలక లేనివాడికి వరండాలో పరిచిన కడప బండే పలక: నల్లటి రాయి మీద సుద్దముక్క గీత తెల్లగా పడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పైగా మార్కాపురం పలకలాగా పగులుతుందన్న భయం లేదు. మా ఆదోని వైపు పల్లెల్లో మిరప కోతల కాలమొస్తే చాలా ఇళ్లకు తాళాలే. పిల్లలూ పెద్దల వెంట గుంటూరు పోతారు. తిరిగొచ్చి అంతా మరిచానని బిక్కమొహం వేసినవాణ్ణి, “యాడికి పోతాది నాయనా, చేతిలోనే ఉంటాది” అని సముదాయించి మళ్లీ సున్న నుంచే మొదలుపెట్టేది. కొత్త పాఠం చెప్పడం కన్నా ఇదే కష్టమని నా అభిప్రాయం. ఆమె దగ్గర దిద్దిన ఆడపిల్లలు ఇప్పుడు పొదుపు సంఘం పుస్తకాల్లో వేలిముద్ర వెయ్యరు, అప్పు కాగితం తామే చదువుకుని మరీ సంతకం పెడతారు. ఎనభై దాటాక కూడా వాళ్లలో ఎవరైనా ఇంటికొస్తే, కుశలం అడగకముందే కాగితం చేతికిచ్చి పేరు రాయించేది. తలకట్టు మరిస్తే ఊరుకునేది కాదు.