తాండూరు బండలో మొహం చూసుకోవచ్చు

గనిలోంచి తీసిన తాండూరు బండకు మెరుపేమీ ఉండదు. అది పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. ఉలి పెట్టి కొడితే పలకలుగా లేస్తుంది. నీలం, పసుపు రంగుల్లో దొరుకుతుంది. దాన్ని అద్దంలా చేసేది పాలిష్ మేస్త్రీ.

ముందు గరుకు రాయి బిగించి, నీళ్లు పోస్తూ మిషన్ తిప్పుతాడు. బూడిదరంగు బురద పాదాల దాకా పారుతుంది. ఆ తర్వాత 120, 220, 400 నంబరు అరగదీత రాళ్లు... నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపవుతుంది. తొందరపడి ఒక నంబరు దాటేస్తే, మొదటి రాయి గీసిన గీతలు చివరి మెరుపులో బయటపడతాయి. అందుకే పనితెలిసినవాడు మధ్యమధ్య బురద తుడిచి, నేల ఆరనిచ్చి, కిటికీ వెలుతురుకు ఎదురుగా వంగి చూస్తాడు. తడి నేలను మాత్రం నమ్మడు. నీళ్లలో ఏ బండైనా మెరుస్తుంది కదా!

అడుగున మిగిలిన లోపం పై మెరుపులో బయటపడటం చిన్న మోడల్ కార్లకు క్రోమ్ రంగు వేసేవాళ్లకూ తంటాయే. ముందు నిగనిగలాడే నల్లరంగు పూత వేసి, దానిమీద క్రోమ్ పలచగా కొడతారు. నలుపులో నలుసు ఉంటే వెండిలో అది రెట్టింపై కనిపిస్తుంది.

గ్రానైట్ మెరుపు నాకు కాస్త ఆర్భాటంగా అనిపిస్తుంది. తాండూరు నీలిబండది నిదానమైన మెరుపు. మేస్త్రీ రేటు దగ్గర గీచిగీచి బేరమాడేవాళ్లు, ఆ తగ్గించిన రేటుకు అతను ఏ నంబరు రాయి మానేస్తాడో కూడా అడిగి తెలుసుకోవాలి. పాలిషయ్యాక ఒక జాగ్రత్త: నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడవండి. సున్నపురాయిని పులుపు తినేస్తుంది, అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది.