పిల్లవాని కన్ను

పదునాలుగేండ్ల పిల్లవాని నోట, ఉత్తమపురుషలో, ఒక కథ చెప్పింపవలెనని రెండేండ్లుగా పూనుకొని, వ్రాసిన కాగితములను వ్రాసినట్లే ప్రక్కకు నెట్టుచున్న నాకు, నా లోపమెచ్చట నున్నదో ఎస్. ఇ. హింటన్ రచించిన ‘ది అవుట్‌సైడర్స్’ నవలను మూడవమారు చదివినప్పుడు గాని బోధపడలేదు.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రమునందలి టల్సా నగరమున హైస్కూలు విద్యార్థినిగా నుండి, పదునైదవ యేట ఆమె మొదలుపెట్టిన ఆ గ్రంథము 1967లో అచ్చైనది. మగపిల్లల ముఠాకక్షలను గూర్చి ఆడుపిల్ల వ్రాసినదని తెలిసినచో సమీక్షకులు చులకన చేయుదురను శంకతో, ప్రచురణకర్తలు సూసన్ ఎలోయిస్ అను నామమును పొడి అక్షరములకు కుదించిరి. పేదపేట గ్రీజర్లకును, కలవారి బిడ్డలైన సోషులకును నడుమ రగిలిన పగ, ఫౌంటెను వద్ద హత్య, పాడువడిన చర్చిలో అజ్ఞాతవాసము, అచ్చట చెలరేగిన మంటలు, ఇవన్నియు చదువరిని పరుగెత్తించును. నా మనస్సు నిలిచినది మాత్రము డారీ యొద్ద.

తల్లిదండ్రులు కారు ప్రమాదమున గతింపగా, కాలేజీ చదువుపై ఆశ వదలుకొని, ఇరువదేండ్లకే ఇండ్లకు పైకప్పులు వేయు పనికి పోవుచు, తమ్ములిద్దరిని చెదరనీయక కాచుచున్న ఆ అన్నను, కథ చెప్పు కడగొట్టు తమ్ముడు పోనీబాయ్ కఠినుడనియే తలచును. రాత్రి రెండు గంటలకు ఇల్లు చేరిన తమ్మునికి, కుర్చీలో పత్రిక పట్టుకొని మేల్కొనియున్న అన్న కనిపించును. పిల్లవాడు చెప్పునది అన్న కేకలను గూర్చియు, తాను తిన్న చెంపదెబ్బను గూర్చియు మాత్రమే. అంతవఱకు నిద్రపోక యెదురుచూచిన భయమును మనమే గ్రహింపవలెను. తల్లిదండ్రులు పోయిన నాడు సైతము కంట నీరు పెట్టని డారీ, ఆ మంటల పిదప ఆసుపత్రిలో కన్నీరు కార్చినప్పుడు గాని, తననుకూడ పోగొట్టుకొందునేమో యని అన్న ఇన్నాళ్లు వడకినాడని ఆ పిల్లవానికి తెలియదు. అంత దీర్ఘకాలము తన కథకుని పొరపాటులోనే ఉండనిచ్చిన నిగ్రహము పదునాఱేండ్ల బాలికకు ఎట్లబ్బినదో! వయసు వచ్చుట యనగా, అంతకుముందు చూచినదానినే మఱల చూడగలుగుట యని ఆమె ఎచ్చటను చెప్పలేదు; కథాంతమున ఆ పిల్లవానిచే తన కథను ఇంగ్లీషు క్లాసు వ్యాసముగా మొదటినుండి వ్రాయింపబూనినది.

నేను చేసిన తప్పిదము దీనికి సరిగా విరుద్ధము. నా కథలోని బాలుడు, రాత్రి డ్యూటీ ముగించి వచ్చిన తండ్రిని చూచినంతనే, ఆయన అలసటను, అప్పులను, మౌనమును చక్కగా అర్థము చేసికొని, మూడు పుటలలో వివరించినాడు. అది యేబదేండ్లు నిండిన నా జ్ఞానము. తండ్రిని పోగొట్టుకొన్న తరువాత నేను ఆలస్యముగా సంపాదించుకొన్నది. దానిని ఆ పసివాని నోట కుక్కి, వానికి రావలసిన దుఃఖమును ముందుగానే అపహరించితిని.

నిన్న రాత్రి ఆ మూడు పుటలను కొట్టివేసితిని. ఇప్పుడు మిగిలినది, గడప వద్ద విడిచిన మడమలరిగిన చెప్పులజత. బడికి వేళ మించినదని విసుగుకొనుచు, కాలికడ్డముగా నున్న ఆ చెప్పులను పిల్లవాడు ప్రక్కకు తన్ని వీథిలోనికి పరుగెత్తినాడు.