యోబు భార్యకు జవాబెవరు చెప్పారు?

చర్చిలో స్త్రీల కూడికల్లో యోబు గ్రంథం మీద ప్రసంగం జరిగినప్పుడల్లా ఒకామెకి తిట్లు తప్పవు. ఆమెకి పేరు కూడా లేదు. ఇల్లు కూలి పదిమంది పిల్లలు ఒక్కరోజే పోయారు. గొర్రెలు, ఒంటెలు, ఎడ్లు, గాడిదలు, వాటిని కాసే పనివాళ్ళు అంతా పోయారు. మొగుడు అరికాలి నుంచి నడినెత్తి దాకా కురుపులతో బూడిదలో కూచుని చిల్లపెంకుతో గోక్కుంటున్నాడు. అప్పుడామె నోరు విప్పి ఒకే ఒక మాట అంది. ఇంకా ఆ నిజాయితీని పట్టుకుని వేళ్ళాడుతున్నావా, దేవుణ్ణి అనాల్సింది అనేసి ప్రాణం వదలరాదా అని. 42 అధ్యాయాల పుస్తకంలో ఆమెకి దక్కిన వాటా అంతే. ఆ ఒక్క మాటకే పదిహేను, పదహారు వందల ఏళ్ళుగా ఆమె బోనులో నిలబడి ఉంది. అగస్టీన్ ఆమెని సాతానుకి సహాయకురాలన్నాడు. కాల్విన్ సాతాను చేతి పనిముట్టన్నాడు. మన పాస్టర్లు అంత దూరం వెళ్ళరు గానీ, కష్టం వచ్చినప్పుడు గొణిగే ఆడవాళ్ళని యోబు భార్యలా ఉండొద్దని హెచ్చరిస్తారు.

ఆ వాక్యాన్ని కాస్త నిదానంగా చదివితే వింత విషయాలు కనిపిస్తాయి. తెలుగు బైబిల్లో 'దూషించు' అని ఉన్నచోట హీబ్రూ మూలంలో ఉన్న క్రియకి మామూలు అర్థం 'దీవించు'. దేవుణ్ణి శపించడమనే మాట రాయడానికి చేతులాడక లేఖకులు దాన్ని అలా తిరగేశారని పండితులంటారు. కావచ్చు. కానీ ఆ వాక్యంలో సగం, అంటే యోబు నిజాయితీని ఇంకా పట్టుకునే ఉన్నాడన్న సగం, కొంచెం ముందు దేవుడు సాతానుతో అన్నదే. మిగతా సగం సాతాను పందెం కాసిన మాట. పైలోకంలో ఇద్దరు మగవాళ్ళ మధ్య (దేవుణ్ణీ సాతానునీ మగవాళ్ళుగానే మనకి చెప్పారు కదా) జరిగిన పందెం సంగతి ఆమెకి తెలీదు. తెలీకుండానే ఆ రెండు మాటలనీ ఒకచోటికి తెచ్చింది. యోబు ఆమెని మూర్ఖురాళ్ళలా మాట్లాడుతున్నావని కసిరాడు. ఆ తర్వాతి అధ్యాయంలోనే తాను పుట్టిన రోజుని శపించుకున్నాడు. ఆమె ఒక్క ముక్కలో అన్నదాన్ని ఆయన కొన్ని పదుల అధ్యాయాలు కవిత్వంలో అన్నాడు. ఆయన మాట విలాపమైంది, ఆమెది శోధన అయింది.

గ్రీకు అనువాదం చేసినవాళ్ళకి ఈ అన్యాయం తగిలినట్టుంది. అందులో ఆమె మాట పెద్దది. తాను మోసిన గర్భాలు, పడిన పురిటినొప్పులు వ్యర్థమైపోయాయని, కూలి కోసం ఊరూరా ఇల్లిల్లూ తిరుగుతూ ఎప్పుడు పొద్దు వాలుతుందా, ఎప్పుడు నడుం వాలుద్దామా అని చూస్తున్నానని చెప్పుకుంటుంది. బైబిల్లో చోటు దొరకని 'యోబు నిబంధన' అనే పాత యూదు కథలో ఆమెకి పేరు కూడా ఉంది, సితిదోస్. రొట్టె కోసం తల వెంట్రుకలు కోయించుకుని సాతానుకి అమ్ముతుంది. యోబుని చూడటానికి రాజులొచ్చినప్పుడు ఆమె వాళ్ళని అడిగేదల్లా ఒకటే. ఆ కూలిన ఇంటి శిథిలాలు తవ్వించి నా పిల్లల ఎముకలైనా ఇప్పించండి, పూడ్చిపెట్టుకుంటాను అంటుంది. యోబు వద్దంటాడు. పిల్లలు పరలోకంలో ఉన్నారు, ఎముకలు దొరకవు అంటాడు. ఆమెకి పైన కిరీటాలతో పిల్లలు కనిపిస్తారు. తర్వాత ఆమె ఊళ్ళోకి వెళ్ళి పశువుల దొడ్డిలో పడుకుని చచ్చిపోతుంది. మనిషి అడిగింది ఎముకలు, చూపించింది కిరీటాలు. దేవుడు మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయితే చెడు ఎందుకుంది అనే ప్రశ్నకి వాదం అల్లడాన్ని 1710లో లైబ్నిజ్ 'థియోడిసీ' అన్నాడు. దేవుడి తరఫు వకాల్తా అనుకోవచ్చు. ఆ వకాల్తా నడిచే తీరు ఈ చిన్న కథలో ఉన్నంత స్పష్టంగా పెద్ద పెద్ద గ్రంథాల్లో ఉండదు.

యోబు గ్రంథం చివర లెక్క తేలుస్తారు. 7,000 గొర్రెలు 14,000 అయ్యాయి. 3,000 ఒంటెలు 6,000 అయ్యాయి. ఎడ్లూ గాడిదలూ రెట్టింపయ్యాయి. పిల్లలు మాత్రం ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు, మునుపటంతే. చచ్చిపోయిన పిల్లలు పరలోకంలో బతికే ఉన్నారు కాబట్టి కలిపితే పిల్లలూ రెట్టింపేనని వ్యాఖ్యాతలు సర్దుతారు. పనివాళ్ళ ఊసు ఆ లెక్కలో ఎక్కడా లేదు. రెండోసారి పదిమందిని ఎవరు కన్నారో కూడా పుస్తకం చెప్పదు. ఈ భార్యే కన్నదనుకుంటే, ఇరవై కాన్పుల తర్వాత ఆమె ఏమనుకుందో అడిగినవాళ్ళు లేరు.

1966లో జాన్ హిక్ 'ఈవిల్ అండ్ ది గాడ్ ఆఫ్ లవ్' రాశాడు. రెండో శతాబ్దపు ఇరేనియస్‌ని ఆధారం చేసుకుని, లోకం సుఖపడటానికి కట్టిన ఇల్లు కాదు, ఆత్మలు పక్వమయ్యే చోటు అన్నాడు. నిజాయితీగల పుస్తకమే. మోతాదు మించిన బాధ ఈ చట్రంలో ఇమడదని, చావు తర్వాతి జీవితం లేకపోతే ఈ వాదం నిలబడదని ఆయనే ఒప్పుకున్నాడు. కానీ ఆ బడిలో ఎవరి ఆత్మ పక్వమైంది? యోబుదే అనుకుందాం. మరి ఆ ఇంటికింద నలిగిన ముగ్గురు కూతుళ్ళూ ఏమయ్యారు? ఒకరి పాఠానికి ఇంకొకరి ప్రాణం పలకైంది. కరమజోవ్ సోదరుల్లో ఇవాన్ పట్టుకున్నది ఇక్కడే. కన్నకొడుకుని వేటకుక్కలతో చీల్పించిన జమీందారుని ఆ తల్లి తన కడుపుకోత మేరకు క్షమిస్తే క్షమించవచ్చు, బిడ్డ పడ్డ బాధని క్షమించే హక్కు ఆమెకి కూడా లేదంటాడు.

యోబుని నెత్తిన పెట్టుకునేవాళ్ళు 31వ అధ్యాయాన్ని అంతగా చదవరు. అందులో ఆయన తన నిర్దోషిత్వానికి వరసగా ఒట్లు పెట్టుకుంటాడు. నా దాసుడి మొరనీ దాసి మొరనీ తోసిపుచ్చలేదు, నన్ను గర్భంలో రూపించినవాడే వాళ్ళనీ రూపించాడు కదా అంటాడు. ఆ కాలానికి ఎంత పెద్ద మాట! లాటిన్ అమెరికా పేదల పక్షాన యోబుని చదివిన గుస్తావో గుతియెరెజ్‌కి ఈ యోబు ప్రాణం. అదే అధ్యాయంలో దానికి కొంచెం పైన ఇంకో ఒట్టుంది. నేను పరస్త్రీ గుమ్మం దగ్గర పొంచి ఉంటే నా భార్య ఇంకొకడి తిరగలి తిప్పాలి, పరాయి మగవాళ్ళు ఆమె మీద పడాలి అంటాడు. తప్పు ఆయనది, శిక్ష ఆమె ఒంటికి. న్యాయం కోసం దేవుణ్ణే కోర్టుకి లాగిన మనిషికి ఇది అన్యాయంగా తోచలేదు. దాసి గర్భం గురించి అంత బాగా ఆలోచించినవాడికి భార్య ఒళ్ళు పందెపు సొమ్ముగానే కనిపించింది. సభలో పందెంగా ఒడ్డిన భార్యలు మనకి కొత్త కాదు, వేరే చెప్పక్కర్లేదు.

కథలో ఒట్టుగా ఉన్నది చరిత్రలో నిజంగా జరిగినప్పుడు దైవశాస్త్రం ఏమన్నదో చూడాలి. క్రీ.శ. 410 ఆగస్టులో అలారిక్ సేనలు రోమ్ నగరాన్ని మూడు రోజులు దోచాయి. ఎందరో క్రైస్తవ స్త్రీలని చెరిచారు, వాళ్ళలో కన్యావ్రతం పట్టినవాళ్ళూ ఉన్నారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. మీ దేవుడేం చేశాడని అన్యమతస్థులు ఎద్దేవా చేశారు. దానికి జవాబుగా అగస్టీన్ కొన్నేళ్ళకి 'దేవుని నగరం' మొదలుపెట్టాడు. 22 భాగాల ఆ మహాగ్రంథం మొదటి భాగంలోనే ఈ స్త్రీల ప్రస్తావన వస్తుంది. శీలం మనసుకి సంబంధించింది, ఇష్టం లేకుండా ఒంటి మీద జరిగినదానితో అది చెడదు అంటాడు. రోమన్లు దేవతలా కొలిచే లుక్రేషియాని తీసుకుని, ఆమె తప్పు చేసి ఉంటే పొగడటమెందుకు, చేయకపోతే చావడమెందుకు అని నిలదీస్తాడు. ఆడదాని శీలాన్ని ఒంటికి కట్టేసిన సమాజానికి అయిదో శతాబ్దంలో ఈ మాట చెప్పడం చిన్న విషయం కాదు. చెరచబడ్డ అమ్మాయి కిరోసిన్ పోసుకుంటేనే పవిత్రురాలయ్యే మన పాత నవలలూ సినిమాలూ ఇప్పటికీ ఆయన దగ్గరికి చేరలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు. ఎందుకంటే ఆయన ఆ స్త్రీలకి మాత్రమే జవాబు చెప్పడంలేదు, దేవుణ్ణి కూడా కాపాడాలి. 28వ అధ్యాయంలో, దేవుడు దీన్ని ఎందుకు జరగనిచ్చాడు అనే ప్రశ్న వేసుకుని ఆ స్త్రీల వైపే తిరుగుతాడు. మీ మనసుల్ని నిజాయితీగా అడిగి చూసుకోండి, మీ పవిత్రత గురించి మీలో గర్వం లేదా, లోకుల పొగడ్తకి పొంగిపోలేదా అంటాడు. నేను నిందించడంలేదు, మీ మనసులిచ్చే జవాబు నాకు వినపడదు కదా అని కూడా అంటాడు. పొంగిపోలేదనేవాళ్ళకి ఇంకో మాట సిద్ధంగా ఉంది. అలాంటి గర్వం మీలో ఎక్కడో అణగి ఉండొచ్చు, అది రేపు తలెత్తకుండా ఈ అవమానం జరిగి ఉండొచ్చు. అంటే ఉన్న గర్వానికి మందు, లేని గర్వానికి ముందు జాగ్రత్త. ఏ స్త్రీ తప్పించుకోగలదు ఈ వలలోంచి? ఒళ్ళుకి అంటని మరకని ఆయన లోపల, ఎవరికీ కనిపించని చోట వెతికి పెట్టాడు. ఆ రాత్రుల తర్వాత బతికి మిగిలినవాళ్ళకి ఈ ఆత్మపరీక్షని ఇంటిపనిలా అప్పజెప్పాడు. ఆ పుస్తకంలో వాళ్ళ జవాబు లేదు.

అగస్టీన్ చెడ్డవాడని కాదు నేననేది. ఆ స్త్రీల మీద ఆయనకి జాలి ఉంది. కానీ దేవుడు ఏ తప్పూ చేయడని ముందే తేల్చుకున్నాక, లెక్క సరిపోవడానికి ఎక్కడో ఒక తప్పు దొరకాలి. అది అందుబాటులో ఉన్న మనిషి దగ్గరే దొరుకుతుంది. యోబు ముగ్గురు మిత్రులూ చేసింది ఇదే. నీ పిల్లలు ఏదో పాపం చేసే ఉంటారని బిల్దదు ఆ తండ్రి ముఖం మీదే అన్నాడు.

స్త్రీవాద దైవశాస్త్రం ఈ ప్రశ్ననే పక్కకి తిప్పింది. బాధ ఎందుకొచ్చింది అని కాదు, బాధకి పవిత్రత అంటగడితే లాభమెవరికి అని అడిగింది. జర్మనీలో ఆష్‌విట్జ్ నీడలో ఆలోచించిన డొరొతీ జొల్లె 1973లో రాసిన 'లైడెన్' (బాధ)లో, దేవుడే బాధపెట్టి నేర్పిస్తాడనే బోధకి దైవశాస్త్ర శాడిజం అని పేరు పెట్టింది. దాన్ని తలవంచి ముద్దుపెట్టుకోవడం క్రైస్తవ మసోకిజం అంది. బాధకి మొదట నోరుండదు, తర్వాత ఏడుపుగా నోరొస్తుంది, ఆ తర్వాతే మార్చే పని మొదలవుతుందని ఆమె వేసిన క్రమం యోబు భార్య విషయంలో నాకు బాగా ఉపయోగపడింది. ఆమెని నోరొచ్చిన చోటే నొక్కేశారు.

రీటా నకాషిమా బ్రాక్, రెబెకా పార్కర్ కలిసి 2001లో తెచ్చిన పుస్తకం పేరు 'ప్రోవెర్బ్స్ ఆఫ్ ఆషెస్'. యోబు తన మిత్రుల హితబోధని కొట్టిపారేస్తూ వాడిన మాటే, బూడిద సామెతలు. పార్కర్ పాస్టరుగా ఉన్నప్పుడు ఒకామె వచ్చి అడిగిందట. మొగుడు కొడుతున్నాడని ఇరవై ఏళ్ళ కింద మా ఫాదర్ దగ్గరకెళితే, యేసు సిలువ మోసినట్టు ప్రేమతో ఓర్చుకో అన్నాడు, అది నిజమేనా అని. నిజం కాదని చెప్పడానికి పార్కర్ తను చదువుకున్నదంతా తిరగదోడుకోవలసి వచ్చింది. ఎవరి సిలువ వాళ్ళు మొయ్యాలమ్మా అనే మాట మన చర్చిల్లో ఎంతమంది ఆడవాళ్ళని మళ్ళీ అదే ఇంటికి పంపిందో! సిలువ ఎక్కించినవాళ్ళు రోమన్ సైనికులు. ఆ పోలికలో మొగుడి పాత్ర ఏమిటో ఆ ఓదార్చేవాళ్ళు ఒక్కసారైనా ఆలోచించినట్టు లేదు.

1989లో పార్కర్, జోయన్ కార్ల్‌సన్ బ్రౌన్ ఇంకా ముందుకెళ్ళి, కొడుకు చావుతో శాంతించే తండ్రి కథ పిల్లల్ని హింసించే తండ్రి కథేనన్నారు. ఈ వాదం పదును నాకు ఇష్టమే గానీ, పూర్తిగా దాని వెంట వెళ్ళలేను. 1993లో నల్లజాతి స్త్రీల వైపు నుంచి డెలోరెస్ విలియమ్స్ హాగరు కథ చదివింది. యజమానురాలి బదులు బిడ్డని కన్న ఆ దాసి ఎడారికి పారిపోతే దేవదూత మళ్ళీ ఆ ఇంటికే పొమ్మన్నాడు. బదులు మోయడమే బతుకైన స్త్రీలకి, అందరి బదులూ చచ్చిన యేసుని ఆదర్శంగా ఎలా చూపిస్తారని విలియమ్స్ అడిగింది. అదే నల్లజాతి నుంచి జేమ్స్ కోన్ 2011లో జవాబిచ్చాడు. చెట్లకి ఉరితీయబడ్డవాళ్ళ తల్లులు సిలువలో చూసింది బోధని కాదు, తమ బిడ్డనే అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తేడా ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు అన్నదాంట్లో ఉంది. బాధపడుతున్న స్త్రీ, ఆయన కూడా నాలాగే దెబ్బలు తిన్నాడు అనుకోవడం వేరు. దెబ్బ తినని మగవాడు వేదిక మీంచి, ఆయనలాగే నువ్వూ తిను అనడం వేరు. దళిత దైవశాస్త్రాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన అరవింద్ నిర్మల్ దేవుణ్ణి సేవకుడిగా, ఊడ్చి ఉతికే పనుల్లో ఉన్నవాడిగా చూపించాడు. గొప్ప తిరుగుబాటే. కానీ ఊడ్చే పనీ ఉతికే పనీ ఇంట్లో ఎవరు చేస్తున్నారో గుర్తున్నవాళ్ళకి, ఆ పనికి దైవత్వం అంటడం కొంచెం భయం పుట్టిస్తుంది.

1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ళ చెరువుని మురికి చేయొద్దన్నందుకు కొట్టబోతే బిందె ఎత్తి అడ్డుకున్న మాదిగ స్త్రీ పేరు మున్నంగి సువార్త. ఆ మర్నాడు, 17న, ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళని చెరిచారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. సాక్షిగా నిలబడ్డ దుడ్డు అలీశమ్మని తర్వాత చంపేశారు. 28వ అధ్యాయం పట్టుకుని ఆ చర్చి ఆవరణలోకి వెళ్ళి, మీలో గర్వమేమైనా ఉందేమో వెతుక్కోండి అని ఎవరైనా అనగలరా? నిజానికి ఊళ్ళో పెద్దలు అన్నది అదే. బిందె ఎత్తినందుకు ఆమెకి పొగరన్నారు.

యోబు గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు తీర్పు చెప్తాడు. ఎలీఫజునీ అతని ఇద్దరు స్నేహితులనీ పేరుపెట్టి, నా గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదని కోప్పడతాడు. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్ళు తెచ్చి బలి ఇచ్చుకోమంటాడు. దేవుడి పక్షాన వాదించినవాళ్ళు వాళ్ళే. దేవుణ్ణి అనాల్సింది అనెయ్యమన్న భార్యని మాత్రం ఏమీ అనడు. ఒక గొర్రెపిల్లనైనా తెమ్మనడు.