ఓడలు మానేసిన రేవు

రాయ్‌పూర్‌లో మెరైన్ డ్రైవ్ ఉంది, సముద్రమే లేదు. తెలీబాంధా చెరువు గట్టుకు ఊరివాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరది. సాయంత్రమయితే గుప్‌చుప్ (పానీపూరీ) బళ్ళ చుట్టూ జనం, గట్టు మీద ఆకాశమెత్తు జెండా, నీళ్ళలో రంగు దీపాల వణుకు. ఎగతాళి చెయ్యడానికి నాకు మనసొప్పదు. ఎటు పోయినా ఒక రాత్రి ప్రయాణం చేస్తే గానీ ఉప్పునీరు కాళ్ళకు తగలని ఊరు, ఉన్న చెరువుతోనే ముచ్చట తీర్చుకుంటోంది. ఒడ్డున పుట్టినవాళ్ళకు సముద్రం పెరటిచెట్టు. దాని గుణం తెలియాలంటే మాలాంటి నడిగడ్డ వాళ్ళనే అడగాలి.

అడిగితే నేను చెప్పే ఊరు భీమునిపట్నం, వాడుకలో భీమిలి. డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీలో ఏ తెలుగింట్లో వాకబు చేసినా సెలవులకు విశాఖ అంటారు. రైల్వే పనుల వెంట ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబాలు కదా, ఆ దారి వాళ్ళ ఒంట్లోనే ఉంది. సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. 2024 నుంచి దుర్గ్ వందే భారత్ కూడా దొరుకుతోంది. ఆర్కే బీచ్, కైలాసగిరి, ముంత మసాలా, జలాంతర్గామి ముందు ఫొటో, తిరుగు బండి. తప్పు పట్టను. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా నీళ్ళ కింద తిరిగిన ఆ కుర్‌సురా లోపల, ఒకరు ఒత్తిగిలితే గానీ ఇంకొకరు పోలేని సందుల్లో నడిచి వస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అది భయానక రసం, కల్తీ లేనిది. అయితే విజయనగరంలోనే దిగిపోయి భీమిలి బస్సు ఎక్కేవాళ్ళు మాలో చాలా తక్కువ. విశాఖకు పోవడం కన్నా అది దగ్గర దారి కూడా.

విశాఖ సముద్రం వాచ్యం. క్రేన్లు, యుద్ధనౌకలు, వంతు కోసం దూరంగా లంగరేసుకున్న ట్యాంకర్లు, నీళ్ళలోకి పొడుచుకుపోయే డాల్ఫిన్స్ నోస్ కొండ. చెప్పవలసిందంతా ఎదురుగా చెప్పేస్తుంది, గట్టిగా కూడా చెబుతుంది. భీమిలిది ధ్వని. అక్కడ కంటికి కనిపించేది కొంచెమే. గోస్తనీ నది మొగ, నాలుగు పాత గోడలు, ఓ లైట్‌హౌస్, గంటస్తంభం, ఒకప్పటి దొరల బంగళాలు, చర్చిలో రంగుటద్దాలు. కనిపించనిదే ఎక్కువ. ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్నదాన్ని ఊళ్ళలో వెతుక్కునేవాళ్ళకు ఇది పాఠ్యగ్రంథం లాంటి ఊరు.

ఇంతకీ ఈ ఊరిని ఇంత ఖాళీగా, ఇంత తీరిగ్గా చెయ్యడంలో మా వాళ్ళకూ భాగముంది. భీమిలి ఒకప్పుడు పెద్ద రేవు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిందంటే దాని వ్యాపారం ఎంతో ఊహించుకోవచ్చు. అయితే 19వ శతాబ్దం నడిమికే ఇంగ్లీషు అధికారుల కాగితాల్లో విశాఖను మధ్యపరగణాలకు సముద్రద్వారం చెయ్యాలన్న ఆలోచన పడింది. మధ్యపరగణాలంటే అప్పటి మా రాయ్‌పూర్ కూడా అందులోదే. 1890లలో వేసిన తూర్పుకోస్తా రైలు భీమిలిని తాకకుండానే పోయింది. ఆ తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే పార్వతీపురం నుంచి కొండలు తొలుచుకుంటూ వచ్చి 1931లో రాయ్‌పూర్‌తో పట్టాలు కలిపింది. 1933 అక్టోబర్ 7న విశాఖ కొత్త హార్బరులోకి జలదుర్గ ఓడ వచ్చింది; డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. అలల పోటుకు అడ్డంగా రెండు పాత ఓడల్నే ముంచి కట్టగా నిలబెట్టారక్కడ. మాంగనీసు, తర్వాత్తర్వాత బైలాడిలా ఇనుము, అంతా ఆ హార్బరు నోట్లోకే. ఓడ వచ్చి గోడకు ఆనుకుని నిలబడే రేవు ఉండగా, నడిసముద్రంలో ఆగి పడవల కోసం ఎదురుచూడమంటే ఏ కెప్టెన్ ఒప్పుకుంటాడు? మా ఊరిని సముద్రానికి దగ్గర చేసిన పట్టాలే భీమిలి పొట్ట కొట్టాయి. అలా పని పోవడం వల్లనే అది మిగిలింది. రేవుగా గెలిచి ఉంటే ఈపాటికి ఇసుక కనిపించకుండా కాంక్రీటు పరుచుకుని ఉండేది.

ఆ పడవల సంగతి కొంచెం ఆగి చూడాలి. భీమిలిలో ఓడ ఒడ్డుకు రాలేదు, లోతు చాలదు. దూరంగా లంగరు వేస్తే సరుకు చేరవేసేది మసూలా పడవలు. వాటికి మేకులుండవు. పలకకు పలక ఆనించి, అంచుల్లో బెజ్జాలు పెట్టి, కొబ్బరి పీచు తాడుతో బిగించి కుట్టేవాళ్ళు. కుట్టు మీద లోపలి వైపు పీచు కూరి అణిచేవాళ్ళు. మేకు కొట్టిన పడవ విరిగే కెరటం దెబ్బకు బీటలిచ్చేస్తుంది. కుట్టిన పడవ ఒళ్ళు విరుచుకుని, కెరటంతో పాటు వంగి, మళ్ళీ తన ఆకారంలోకి వస్తుంది. బరువు దింపేటప్పుడు ఇసుక మీద దబ్బున పడ్డా ఊరుకుంటుంది. తూర్పుతీరం కెరటాన్ని ఎదిరించి కాదు, దానికి లొంగి గెలిచిన పనితనమది. శిల్పమంటే గుళ్ళల్లోనే వెతుకుతాం మనం.

ఆ పడవల్లో పోయింది ఏమిటి? డచ్చి ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 17వ శతాబ్దంలో వచ్చి ఇక్కడ గిడ్డంగులు పెట్టినప్పుడు బట్టలూ బియ్యమూ. తర్వాత నువ్వులు, కరక్కాయలు, ఆపైన గోగు నార. చేలల్లో గోగు కట్టలు కట్టి, చెరువులో నానబెట్టి, కుళ్ళిన తొక్కను నీళ్ళలో జాడించి తీసిన నార ఎండలో ఆరేస్తే లేత బంగారు రంగుకు తిరుగుతుంది. ప్రపంచ మార్కెట్లో దానికి బిమ్లీ జూట్ అనే పేరు స్థిరపడింది. ఇక్కడి రైతు పుల్లగా పచ్చడి చేసుకునే ఆకుకు అన్నదమ్ముల వరసైన మొక్క, దూరదేశాల బజార్లలో ఈ రేవు పేరు మోసింది. ఇంతకన్నా గొప్ప శిలాఫలకం ఇంకేం కావాలి?

శిలాఫలకాలూ ఉన్నాయి. ఒడ్డుకు దగ్గర్లో డచ్చి వాళ్ళ శ్మశానం. పిరమిడ్ల లాగా, మొన తేలిన స్తంభాల లాగా లేచిన సమాధులు, సున్నం పెచ్చులూడి, ఇటుకలు ఎర్రగా బయటపడి. రాతిపలకల మీద చెక్కిన అక్షరాలను ఉప్పుగాలి నాకేసింది, వేలితో తడిమితే గానీ గీత తెలియదు. ఎక్కడో చలిదేశంలో పుట్టి, మిరియాలనీ బట్టలనీ లెక్కలు రాసుకుంటూ, ఈ వేడికీ జ్వరాలకీ రాలిపోయిన గుమాస్తాలు, నావికులు, వాళ్ళ పెళ్ళాలు, పసిపిల్లలు. 1754లో మరాఠా దండు ఊరి మీద పడింది. 1824 ఒప్పందం ప్రకారం మరుసటేడు డచ్చి వాళ్ళు ఊరిని ఇంగ్లీషు వాళ్ళకు ఒప్పజెప్పేశారు. గిడ్డంగుల్లో సరుకుతో పాటు సమాధుల్నీ చేతులు మార్చుకున్నారన్నమాట. ఇక్కడ కరుణ రసం పండుతుందని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. పక్కనే పిల్లలు క్రికెట్ ఆడుతుంటే, ఏ ఆబ్రహామో ఏ యోహానో తల దగ్గర మేక మేస్తుంటే, ఏడుపుకు చోటెక్కడిది? శాంతం అనుకోండి, కొంచెం హాస్యం కలిసిన శాంతం.

టర్కీలో బోడ్రుమ్ అని ఇలాంటి రేవూరే ఉంది, హెరొడోటస్ పుట్టిన పాత హాలికర్నస్సస్. అక్కడి కోటలో నీటి అడుగు పురావస్తు మ్యూజియం పెట్టారు. 1982లో స్పంజీలు తీసే మనిషి ఒకడు సముద్రం అడుగున లోహపు ముద్దలు చూశానని చెబితే, పదేళ్ళు మునిగి మునిగి ఉలుబురున్ ఓడ సరుకును పైకి తెచ్చారు. మూడువేల మూడొందల ఏళ్ళ నాటి ఓడ, పది టన్నుల రాగి. వాళ్ళు తమ సముద్రాన్ని అద్దాల పెట్టెల్లో సర్ది చూపిస్తారు. భీమిలికి ఆ భాగ్యం పట్టలేదు. చిన్న మ్యూజియం ఒకటి, కుట్టుపడవ ఒక్కటి మళ్ళీ కట్టించి నిలబెడితే చాలు. ఎవరికీ తట్టనట్టుంది.

ఇంకా వెనక్కి పోవాలంటే కొండెక్కాలి. ఊరి పక్కనే పావురాళ్ళకొండ, విశాఖ దారిలో తొట్లకొండ, బావికొండ. బౌద్ధ భిక్షువులు రెండువేల ఏళ్ళ కిందట కాపురముండి, వాననీళ్ళు పట్టుకోవడానికి బండలో తొట్లు తొలిచారు. తొట్లకొండలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. ధ్యానానికి వచ్చినవాళ్ళు ఓడలు ఎక్కడ కనిపిస్తాయో అక్కడే చోటు చూసుకున్నారు. విరాగుల అభిరుచి మాత్రం అమోఘం.

దిబ్బల దగ్గర నాకు ఊపిరాడదు. భీమిలికి కొద్ది దూరంలో, నీలం సముద్రానికి ఎదురుగా ఎర్రమట్టి దిబ్బలు. నిజానికి అది మట్టి కాదు, వేల ఏళ్ళుగా గాలీ నీరూ పోగేసిన ఇసుక. రేణువు చుట్టూ ఇనుము తుప్పు పొర పట్టి ఎరుపెక్కింది. వానలు కోసిన గెడ్డల్లోకి దిగితే రెండు పక్కలా గోడలు లేస్తాయి. అడుగున గచ్చకాయ రంగు, పైకి పోనుపోను కాషాయం, ఇటుక రంగు, ఎండ వాలితే కుంకుమ. గోడకు చెయ్యి ఆనిస్తే రాయిలా ఉంటుంది, గోరుతో గీకితే పిండిలా రాలుతుంది. ఆ రాలే గుణం వల్లనే ప్రతి వానకూ కొత్త వంపు, కొత్త అంచు. బైలాడిలా నుంచి వచ్చే ఇనుము ధూళి మాకు రైలు పెట్టెల మీద పరిచయం. అదే ఎరుపు ఇక్కడ పనిపాటా లేకుండా, అందంగా ఉండటమే పనిగా పడి ఉంది. 2014లో భూవారసత్వ స్థలమన్నారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కింది. సినిమా వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. జీపులేసుకుని దిబ్బ మీదికి ఎక్కించేవాళ్ళను చూస్తే మాత్రం నాకు రౌద్ర రసం వస్తుంది.

వెళ్ళేవాళ్ళు చలికాలం చూసుకుని, పొద్దు పొడవకముందే గోస్తనీ మొగ దగ్గరికి నడవండి. బొర్రా గుహల్లోంచి దూకి వచ్చిన ఏరు అక్కడ గడుసుతనమంతా వదిలేసి, ఇసుకతిన్నె పక్కగా మెల్లగా ఉప్పులో కలుస్తుంది. ఆటుపోటును బట్టి రంగు మారుతుంది, ఒక గీత ఇటు ఆకుపచ్చ, అటు బూడిద నీలం. అదే వేళకు తెప్పలూ ఫైబరు పడవలూ తిరిగొస్తాయి. అలివి వల లాగే చోట రెండు వరసల్లో మనుషులు వెనక్కి వంగి, ఒకే లయలో కాళ్ళు తన్నిపెట్టి లాగుతుంటారు. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, అదృష్టముంటే ఒక వంజరం. గంపలు దిగాయో లేదో బేరాలు మొదలు. ఓడలు మానేసినా ఈ ఒడ్డున అమ్మకం మానలేదు. విశాఖ నుంచి కారేసుకుని వచ్చిన ఒకాయన వంజరం ధర సగానికి అడిగితే, గంప ముందు కూర్చున్న పెద్దావిడ పొగచుట్ట తీసి పక్కన పెట్టి, “ఇచ్చినంతకి పుచ్చుకుని పో బావూ, నేపోతే నువ్వే దిగి పట్టుకో” అంది. ధర ఆవిడే పెట్టి, ఆయన చేత పూర్తిగా ఇప్పించింది.