చర్మకారుడి రాయి, ప్రొఫెసర్ కుర్చీ

సత్తెనపల్లి నుంచి అమరావతి ఎంతో దూరం కాదు. పాత లెక్కల్లో అమరావతి సత్తెనపల్లి తాలూకాలోని ఊరే. అక్కడి స్తూపం దగ్గర దొరికిన దానశాసనాల్లో ఒకటి విధికుడనే చర్మకారుడిది. నాగ ఉపాధ్యాయుడి కొడుకైన ఈ విధికుడు తల్లినీ, భార్యనీ, అన్నదమ్ముల్నీ, బిడ్డల్నీ కలుపుకొని పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేశాడు. శాసనం చిన్నదే. అది చెప్పే సంగతి మాత్రం చిన్నది కాదు. తోలుపని చేసే మనిషి దాత. ఆయన తండ్రి ఉపాధ్యాయుడు. తోలూ చదువూ ఒకే ఇంట్లో ఉండిన కాలం ఈ నేల మీద ఉందని ఆ రాయి సాక్ష్యం చెబుతోంది. విధికుణ్ణి ఇవాళ్టి మాదిగ కులంతో నేరుగా అతికించాలని మేము అనడం లేదు. తోలు ముట్టినవాడికి చదువు ఎప్పుడూ లేదనే మాట అబద్ధమని మాత్రం అంటున్నాం.

తత్వశాస్త్రాన్ని ఎవరి సొమ్ము పోషించింది, ఆ సొమ్ము దాన్ని ఎటు నడిపించింది అని అడగాల్సి వచ్చినప్పుడల్లా మాకు విధికుడు గుర్తొస్తాడు. యూనివర్సిటీల చరిత్ర రాసేవాళ్లు దాతల పటాలకు దండలేసి ఊరుకుంటారు. సొమ్ము సంగతి అడగరు.

మన పల్నాడులో ఆనాటి విహారమే ఆనాటి తత్వశాస్త్ర శాఖ. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల ఇంటి ఆడపడుచు చాంతిసిరి మహాచైత్యాన్ని నిలబెట్టింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఇదంతా స్వర్ణయుగమని మురిసిపోనక్కర్లేదు. ఆ దానాలు పుణ్యం కోసం ఇచ్చినవి. రాచకుటుంబాల సొమ్ము వెనక ఎవరో ఒకరి చాకిరీ ఉండే ఉంటుంది. అయితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇచ్చేవాళ్ల వరసలో రాణి ఉంది, వర్తకుడున్నాడు, భిక్షుణి ఉంది, చర్మకారుడూ ఉన్నాడు.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ దానికి ఏటా లక్ష రూపాయలిచ్చాడు. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్. తత్వశాస్త్రం చెప్పడానికి హుమాయూన్ కబీర్‌ను రప్పించింది ఆయనే. జయపూర్ లక్ష ఒక్క తత్వశాస్త్రానికే పోలేదు, నిజమే. కానీ ఆ చెట్టు నీడలోనే అదీ పెరిగింది. జమీందారీ రాబడి అంటే రైతు కట్టిన శిస్తు, అడవి మీద వచ్చిన ఆదాయం. కొండల్లో ఆదివాసులు వెట్టిచాకిరీలో నలుగుతున్న కాలమది. దాత పేరు కాలేజీకి పెట్టారు. శిస్తు కట్టినవాడి పేరు ఏ గోడ మీదా లేదు.

సొమ్ము ఎక్కడిదన్నది ఒక ప్రశ్న. అది ఏ ఆలోచనకు వేదిక కట్టిందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. రాధాకృష్ణన్ 1926లో ఆక్స్‌ఫర్డ్ మాంచెస్టర్ కాలేజీలో అప్టన్ ఉపన్యాసాలిచ్చారు. అవే మరుసటేడు ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’ పుస్తకమయ్యాయి. రకరకాల జాతుల్ని కలిపి ఉంచడానికి హిందూ సమాజం కనిపెట్టిన ఉపాయం కులమని అందులో ఆయన సమర్థించారు. 1936లో స్పాల్డింగ్ అనే సంపన్నుడి విరాళంతో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలకూ నీతిశాస్త్రానికీ పీఠం పెడితే, మొదట అందులో కూర్చున్నదీ ఆయనే.

సరిగ్గా ఆ 1936లోనే లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ అంబేడ్కర్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. ఉపన్యాసం ముందుగా చదివి జడిసింది. కొన్ని మాటలు తీసేయమంది. ఆయన కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దయింది. ఆ ఉపన్యాసాన్ని ‘కులనిర్మూలన’గా 1,500 ప్రతులు సొంత ఖర్చుతో అచ్చేసుకున్నాడు. రాధాకృష్ణన్ పుస్తకానికి జవాబు అందులోనే ఉంది. హిందూ సమాజం ఇన్నాళ్లు బతికిందని గర్వపడటం కాదు, ఎట్లా బతికిందో చెప్పమని ఆయన నిలదీశాడు. కులాన్ని సమర్థించిన తత్వానికి విరాళాల పీఠం దొరికింది. కులాన్ని ప్రశ్నించిన తత్వం అచ్చు ఖర్చులు తానే పెట్టుకుంది. ఇది యాదృచ్ఛికమంటే మేము నమ్మం.

మరి అంబేడ్కర్ దానం పుచ్చుకోలేదా అని మిత్రులు అడుగుతారు. పుచ్చుకున్నాడు. 1913లో బరోడా గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీదే కొలంబియా వెళ్లాడు. షరతు ప్రకారం 1917లో బరోడా కొలువులో చేరితే అంటరానివాడని ఉండటానికి గది దొరకలేదు. కొలువు వదిలి రావాల్సి వచ్చింది. దాత డబ్బివ్వగలిగాడు, తన ఊళ్లో మనిషి మర్యాద ఇప్పించలేకపోయాడు. దానానికి ఉన్న హద్దు ఇదే.

కాబట్టి విరాళాలు వద్దని మేము అనం. పేద పిల్లలు చదివే శాఖలకు డబ్బు కావాలి. ఉద్యోగాలు రావన్న సాకుతో తత్వశాస్త్రాన్ని చిన్నచూపు చూసేవాళ్లకు మన పిల్లల్ని అప్పగించనూలేం. కులం అంటే ఏమిటి, పుట్టుకతో మనిషికి ‘స్వభావం’ వస్తుందా అనేవి తత్వశాస్త్ర ప్రశ్నలే. దేనికీ సొంత స్వభావం లేదన్న నాగార్జునుడి వాదాన్ని పుట్టుక మీదికి తిప్పి అడిగితే వర్ణధర్మానికి కాళ్లాడవు. ఆయన పేరుతో గుంటూరు పక్కన 1976 నుంచి యూనివర్సిటీ నడుస్తోంది. ఈ ప్రశ్న అక్కడి క్లాసులో లేవాలి.

విరాళం ఇచ్చేవాళ్లను, పుచ్చుకునేవాళ్లను అడగాల్సినవి మూడే. ఈ డబ్బు ఎవరి చెమట? పీఠంలో ఎవర్ని కూర్చోబెట్టాలో ఎవరు తేలుస్తారు? దాతకు నచ్చని మాట పంతులు చెబితే కుర్చీ ఉంటుందా, ఊడుతుందా? మూడోదానికి జవాబు దొరకని చోట లాహోర్ కథే మళ్లీ జరుగుతుంది.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన అధికార చిహ్నంలో అమరావతి పూర్ణఘటాన్ని పెట్టుకుంది. ప్రతి సర్కారు కాగితం మీదా ఇప్పుడు ఆ ఘటం ఉంది. దాన్ని చెక్కించి ఇచ్చినవాళ్లలో ఒక చర్మకారుడున్నాడనే పాఠం మన తత్వశాస్త్ర క్లాసుల్లో ఉందా? సత్తెనపల్లి పిల్లలైనా ముందు ఈ ప్రశ్న అడగాలి.