సౌడు మిద్దె

కమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో పాత మిద్దె కింద కూర్చుని తలెత్తి చూస్తే చాలు, కట్టిన పద్ధతి తెలిసిపోతుంది. గోడల మీద దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు, దంతెల మీద నాపబండలు. బండల పైనున్నది మాత్రం కనబడదు. మిద్దెను కాపాడేది ఆ సౌడే.

పైరు రాని తెల్లటి ఉప్పుమట్టి అది. సోడియం ఎక్కువ కాబట్టి తడి తగలగానే బంకరేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ పూడ్చేస్తాయి. చేలో నీళ్లు ఇంకనీయదని తిట్టుకునే మట్టినే మన పెద్దలు బండ్లకెత్తి తెచ్చి ఇంటి మీద పరిచారు.

నేర్పంతా వాలులో ఉంది. ఎక్కువైతే వాన మట్టిని కోసుకుపోతుంది, తక్కువైతే నీళ్లు నిలుస్తాయి. కంటికి చదునుగానే ఉండాలి, నీళ్లు మాత్రం దోనె దారి పట్టాలి. ఏటా తొలకరికి ముందు గడ్డి పీకి, ఎలుక బొక్కలు పూడ్చి, కొత్త సౌడు చల్లుతారు. వాన కురుస్తుండగా ఇంట్లో ఎక్కడో చుక్క పడిందా, ఒకరు గోతాం కొప్పెర వేసుకుని నిచ్చెనెక్కుతారు. కింద నుంచి ఇల్లాలు “ఇంకొంచెం పక్కకు!” అని అరుస్తుంటుంది. పైన మనిషి ఆ చోట నాలుగు గుప్పిళ్లు సౌడు పోసి మడమతో అదుముతాడు. అంతే, మరమ్మతు అయిపోయింది. వెలుగుకోసం వదిలిన గవాక్షి మీదికి బండ జరిపి దిగివస్తాడు.

నలభై డిగ్రీలు దాటే ఎండల్లో ఈ మందపాటి కప్పు కింది చల్లదనం సిమెంటు స్లాబు కింద దొరకదు. తమాషా ఏమిటంటే, బండలకు పేరుబడ్డ ఎర్రగుంట్ల దిక్కున సిమెంటు ఫ్యాక్టరీలకు మేత కూడా ఆ బండల జాతి సున్నపురాయే.

మిద్దెను మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఏటేటా పాతమట్టి చెక్కకుండా కొత్తది పోస్తూ పోతే బరువుకు దూలం వంగుతుంది. 2021 నవంబరు వరదకు కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెనే కూలింది. అట్లాంటి ముసురులో నానిన మిద్దె కింద నిద్రపోవాలంటే గుండె కావాలి. స్లాబు వేసుకున్నవాళ్లను తప్పుపట్టలేం.

పాత కప్పులను మురిపెంగా చూసుకునే చోట్లూ ఉన్నాయి. ఫ్రాన్సులో అందమైన పల్లెల సంఘమొకటి 1982లో పుట్టింది. జనం 2000 దాటని ఊళ్లనే చేర్చుకుంటుంది. అక్కడి కొండసీమల్లో రాతిపలకల కప్పులు ఇప్పటికీ ఉన్నాయి, వాటిని చూడటానికి జనం టికెట్లు కొనుక్కుని పోతారు. మన దగ్గర మట్టిమిద్దె అంటే సంబంధం చూసేవాళ్లు సైతం ముఖం చిట్లిస్తారు.

అయినా మిద్దెను ముంచింది చిన్నతనం ఒక్కటే కాదు. ఎద్దులు పోయాక సౌడు తోలే బండ్లు పోయాయి. మిద్దె ఎక్కి వాలు చూడగల మనిషి కూలికి దొరకడు. దొరికినా, ఏటా ఆ ఖర్చు పెట్టేకంటే ఒక్కసారి అప్పుచేసి స్లాబు వేయడమే నయమని ఇంటాయన లెక్క.