గడ తిప్పే చేతులు

ఈసారి బోస్టన్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేను అడిగింది ఒక్కటే, సీషోర్ ట్రాలీ మ్యూజియం చూపించమని. మెయిన్ రాష్ట్రంలో, కెనెబంక్‌పోర్ట్ దగ్గర చెట్ల మధ్య ఉంది. కారులో గంటన్నర ప్రయాణం.

1939లో పొరుగునున్న బిడ్‌ఫర్డ్, సాకో ఊళ్లలో ట్రామ్‌లు తీసేసి బస్సులు వేశారు. ట్రామ్‌లంటే ప్రాణమిచ్చే కొందరు తలా కొంత వేసుకుని 31వ నంబరు బండి కొన్నారు. ఆ బండితోనే మ్యూజియం మొదలైంది. దానికి పక్కగోడలు లేవు, అడ్డంగా వరుస బల్లలే. కండక్టర్ బయటి మెట్టుపలక మీద నడుస్తూ డబ్బులు వసూలు చేసేవాడట. ఇప్పుడక్కడ దేశదేశాల బండ్లున్నాయి.

నేను ఎక్కిన బండిని నడిపింది ఓ రిటైర్డ్ మాస్టారు, జీతం లేని మోటర్‌మ్యాన్. ఎడమచెయ్యి కంట్రోలర్ పిడి మీద, కుడిచెయ్యి గాలి బ్రేకు మీద. పిడిని ఒక్కో గాటే జరపాలి, తొందరపడితే బండి ఎగిరిపడుతుంది. ఆపడం అంతకంటే కష్టమన్నారాయన. బ్రేకు ముందు గట్టిగా పట్టాలి, ఆగబోయే క్షణానికి గాలి వదిలేయాలి. చివరిదాకా బిగించి ఉంచితే నిలబడ్డవాళ్లు ముందుకు తూలతారు. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. పాతవాళ్లు కొత్తవాళ్ల పక్కన నిలబడి నేర్పుతారు. నా మటుకు అక్కడ దాచిన అసలు వస్తువు ఇదే.

ఆయన మాటలు వింటుంటే మద్రాసు గుర్తొచ్చింది. అక్కడ 1895లో మొదలైన కరెంటు ట్రామ్‌లు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మా పెదనాన్నకి ఆ రెండూ ఒకే జ్ఞాపకం. ట్రామ్ గంట చప్పుడు నోటితో చేసి వినిపించేవాడు. బ్రేకు సంగతి అడగాలని అప్పుడు నాకు తోచలేదు.

లైను చివర మాస్టారు కిందికి దిగారు. తాడు లాగి, పైతీగ నుంచి కరెంటు అందుకునే గడను దించి కట్టేశారు. రెండో కొసనున్న గడను వదిలి, తలెత్తి చూస్తూ దాని చక్రాన్ని తీగకు ఆనించారు. చిన్న మెరుపు. లోపల అమ్మాయి, నేను సీట్ల వీపులు అటునుంచి ఇటు తిప్పాం.

తిరుగు ప్రయాణంలో కూర్చోలేదు. ఆయన కుడిచేతి వైపే చూస్తూ నిలబడ్డాను. స్టేషన్ దగ్గర గాలి వదిలిన బుస్సుమనే చప్పుడు వినిపించింది, బండి ఆగింది. నెత్తి మీది తోలుపట్టీని పట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.